డ్రంకెన్ డ్రైవ్ కేసు చలానా కాదు

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో పట్టుబడి, న్యాయవాదినైన నాకు ఫోన్ చేసేవారు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘‘ఎంత కట్టాలి సార్?’’ హెల్మెట్ లేనందుకో, సిగ్నల్ దాటినందుకో వచ్చే ఈ-చలానాతో దీన్ని ఒకే గాటన కట్టడం వల్ల పుట్టే ప్రశ్న ఇది. అధికారుల వద్దనే సొమ్ము చెల్లించి ముగించుకోదగిన నేరాల జాబితా మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్‌లో ఉంది గాని, తాగి నడపడానికి సంబంధించిన 185వ సెక్షన్ అందులో లేదు. అందుచేత మెజిస్ట్రేట్ ముందు నిలబడక తప్పదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మరోసారి దొరికితే జైలు 2 సంవత్సరాల వరకు, జరిమానా 15,000 రూపాయలు. కొద్ది రోజులకే అయినా చంచల్‌గూడ జైలు చూసివచ్చిన ఉద్యోగస్తులు హైదరాబాదులో తక్కువేమీ కాదు.

కోర్టులో మెజిస్ట్రేట్ అభియోగ సారాంశం చెప్పి, నేరం ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. ఆఫీసుకు ఆలస్యమవుతుందన్న తొందరలో చాలామంది కాగితం చూడకుండానే తల ఊపేస్తారు. ఆ ఒక్క మాటతో విచారణ లేకుండానే దోషిగా నిర్ధారణ జరిగిపోతుంది. అందుకే ముందుగా బ్రీత్ అనలైజర్ ఇచ్చిన స్లిప్‌ను, చార్జిషీటును పక్కపక్కన పెట్టుకొని పేరు, వాహనం నంబరు, సమయం, రీడింగ్ సరిపోతున్నాయో లేదో చూడమంటాను. చట్టం చెప్పే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అది దాటితేనే నేరం. యంత్రం కొలిచేది ఊపిరినే గనుక, ఆఖరి గుక్క దిగిన వెంటనే పరీక్షిస్తే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె పెరిగే అవకాశం ఉంది. రీడింగ్ 34 దగ్గర ఉన్నవారికి ఈ సంగతి, యంత్రం సరిగ్గా కొలుస్తోందని తెలిపే కాలిబ్రేషన్ పత్రం నిజంగా ముఖ్యమైనవి. 180 వచ్చినవారు లొసుగులు వెతికిపెట్టమని అడిగితే మాత్రం నేను ఆ ఫైలు తీసుకోను, ఒప్పుకొని శిక్ష తగ్గించమని వేడుకోవడమే మంచిదని చెప్పి పంపిస్తాను.

ఊదకుండా మొండికేస్తే కేసే ఉండదన్న సలహా స్నేహితుల మధ్య బాగా చలామణిలో ఉంది. కాని సహేతుకమైన కారణం లేకుండా నిరాకరిస్తే ఆ నిరాకరణే 205వ సెక్షన్ కింద మనకు వ్యతిరేకంగా నిలుస్తుంది. అరెస్టు చేసిన పక్షంలో 2 గంటల్లోగా వైద్య పరీక్ష జరపాలని, జరపకపోతే విడిచిపెట్టాలని 202వ సెక్షన్ చెబుతుంది గనుక, అరెస్టు సమయాన్ని ఇంటివారు రాసి పెట్టుకోవడం మేలు.

బండి విషయంలో మన తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టత ఇచ్చింది. తాగినవారు నడపకుండా ఆపవచ్చు గాని, తాగని, లైసెన్సు ఉన్న తోడు మనిషి ఉంటే వాహనాన్ని వారికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులను పిలిపించాలి. అదీ కుదరకపోతే పోలీసులు భద్రపరిచి, తర్వాత ఆర్‌సీ చూపిన యజమానికి ఇచ్చేయాలి. అర్ధరాత్రి రోడ్డు మీద వాదనకు దిగేకంటే, ఇంట్లో తాగని వారెవరికైనా ఫోన్ చేయడం ఎన్నో రెట్లు ఉపయోగం.

ప్రమాదం కూడా జరిగి ఉంటే బీమా సంస్థ సొంత వాహన నష్టాన్ని చెల్లించడానికి నిరాకరించవచ్చు. రక్త పరీక్ష జరగకపోయినా, మిగతా పరిస్థితుల ఆధారంగా తాగి నడిపినట్లు బీమా సంస్థ రుజువు చేయవచ్చునని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికా చదువులకు సిద్ధమవుతున్న పిల్లల తల్లిదండ్రులకు మరో మాట. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. జరిమానాతో సరిపోయిందిగా అని అక్కడ ‘లేదు’ అని రాయడం తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది. నిజమే రాయాలి, వైద్య పరీక్షకు పంపినా వెళ్ళాలి, కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీని కేసు ముగిసిన వారంలోనే దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. ఏళ్ళు గడిచాక ఆ పాత ఫైలు వెతికించుకోవడం మహా తలనొప్పి.