తెలియదమ్మా అన్నాను

నాన్నగారికి ఆపరేషన్ జరుగుతున్న రాత్రి అమ్మ నా చేయి పట్టుకుని, "దేవుడున్నాడంటావా?" అని అడిగింది. ఉన్నాడని అనలేకపోయాను, లేడనీ అనలేకపోయాను. "తెలియదమ్మా" అన్నాను. అమ్మ కోప్పడలేదు, చేయీ వదలలేదు.

తర్వాత ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం మళ్లీ చదివాను. ఏడే మంత్రాలు. సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలూ ఆ తర్వాత వచ్చినవారే కదా అంటుంది. పైనుంచి చూస్తున్నవాడికి తెలిసి ఉండవచ్చు, ఆయనకూ తెలియకపోవచ్చు అని ఆగిపోతుంది. 1869లో ఆంగ్ల జీవశాస్త్రవేత్త హక్స్‌లీ, దేవుడున్నాడో లేడో తెలియదనే అజ్ఞేయవాదానికి ఇంగ్లీషులో పేరు పెట్టడానికి వేల ఏళ్ల ముందే ఎంత నిజాయతీ!

నాన్నగారు కోలుకున్నారు. అంతా దేవుడి దయ అంటుంది అమ్మ. నేను కాదనలేదు. శనివారం ఆమె మొక్కు తీర్చడానికి ఇద్దరం కొండ మెట్లు ఎక్కుతున్నాం.