సింగపూర్‌ని తెలోక్ అయ్యర్ వీధి నుంచి మొదలుపెట్టండి

సింగపూర్‌కి మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది సామాను గదిలో పెట్టగానే ఎత్తైన మేడలున్న మెరీనా బే వైపు పరుగు తీస్తారు. ఆ మేడలెక్కడికీ పోవు, రాత్రి దీపాల్లో చూస్తే ఇంకా బాగుంటాయి. మొదటిరోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే తెలోక్ అయ్యర్ వీధికి వెళ్లండి. చైనా నుంచి, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు ఈ ఊరిని ఎలా తమ ఊరు చేసుకున్నారో ఆ ఒక్క వీధిలో తెలుస్తుంది.

ఇప్పుడు చుట్టూ ఆఫీసు భవనాలే గానీ, సముద్రాన్ని పూడ్చకముందు అలలు ఈ వీధి దాకా వచ్చేవి. ఓడ దిగినవాళ్లు క్షేమంగా చేరినందుకు ముందు ఇక్కడే దణ్ణం పెట్టుకునేవారు. 1842లో పూర్తయిన థియాన్ హాక్ కెంగ్ గుడిలో ప్రధాన దేవత మాజు, సముద్ర ప్రయాణికులను కాపాడే తల్లి. దానికి ఒక పక్క నాగూరు సూఫీ సాధువు షాహుల్ హమీద్ పేరిట 1828-30 మధ్య కట్టిన దర్గా, మరో పక్క అల్ అబ్రార్ మసీదు. మూడూ చూడ్డానికి గంట చాలు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో 1827 నాటి శ్రీ మారియమ్మన్ కోవెల. అదే రోడ్డు మీద, నాలుగడుగుల దూరంలో జామియా మసీదు. హిందూ గుళ్లు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పొద్దున్నే చూసేయాలి.

ఆకలేస్తే దగ్గర్లోనే మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్ ఉంది. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే ఇలాంటి చోట్లను హాకర్ సెంటర్లంటారు. ముందు బల్ల చూసుకోవాలి, తర్వాతే వరసలో నిలబడాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటు, కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేకపోతే జరిమానా పడొచ్చు. హలాల్ ట్రేలకి వేరే అర ఉంటుంది, కలపకండి.

శాకాహారులు ఇక్కడ 'వెజిటేరియన్' అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటే దెబ్బతింటారు. మాంసం ముక్క లేదంటే చాలు అనుకునేవాళ్లుంటారు. సూప్ కోడి ఎముకలతో కాచింది కావచ్చు, సంబల్ అనే మలయ్ మిరప పచ్చడిలో బెలచాన్ అనే రొయ్యల ముద్ద కలుస్తుంది, టోస్ట్ మీద రాసే 'కాయా' అనే కొబ్బరిపాల జాములో గుడ్డు ఉంటుంది. మాంసం, చేప, రొయ్య, గుడ్డు వద్దని ఒక్కొక్కటీ విడిగా చెప్పండి. చైనీస్ శాకాహార కొట్లలో కోడిలా, బాతులా కనిపించేవి సోయాతోనో గోధుమ జిగురుతోనో చేసినవి. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. గుడ్డు సంగతి మాత్రం అక్కడా అడగాలి. కాఫీకి: ఉత్తి 'కోపి' అంటే తీపి డబ్బాపాలతో వస్తుంది, 'కోపి ఓ' అంటే పాలు లేకుండా చక్కెరతో, 'కోపి ఓ కొసోంగ్' అంటే రెండూ లేకుండా.

తిరగడానికి మెట్రో రైల్లో నీలం రంగు డౌన్‌టౌన్ లైన్‌ని నమ్ముకోండి. తెలోక్ అయ్యర్, చైనాటౌన్, బుగిస్, లిటిల్ ఇండియా నాలుగూ దాని మీదే ఉన్నాయి. టికెట్ కొనక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. మన కార్డయితే బయల్దేరే ముందే విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి, మరిస్తే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. రైల్లో తినడం, తాగడం నిషేధం, ఘాటు వాసన వేసే దురియన్ పండు కూడా తేనివ్వరు.

బుగిస్‌లో దిగి, పాత మలయ్ ముస్లింల పేట కంపోంగ్ గ్లామ్‌కి నడవండి. సుల్తాన్ మసీదు బంగారు రంగు గుమ్మటం కింద నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూడండి, అవి వరసగా పేర్చిన గాజు సీసాల అడుగులు. మసీదు కట్టేటప్పుడు డబ్బివ్వలేని పేదలు సీసాలిచ్చారు. నమాజు వేళల్లో సందర్శకులను లోపలికి పంపరు, శుక్రవారం మధ్యాహ్నం అసలు పెట్టుకోకండి. భుజాలు, మోకాళ్లు కప్పుకొని వెళ్లాలి.

లిటిల్ ఇండియాకి ఆదివారం సాయంత్రం వెళ్తే కాలు పెట్టే సందుండదు, అది వలస కార్మికుల సెలవురోజు. వాళ్లందరి మధ్యా ఊరి కబుర్లు వినాలనుంటే అప్పుడే వెళ్లండి. స్థిమితంగా చూడాలంటే మామూలు రోజు టెక్కా సెంటర్ అనే మార్కెట్ దగ్గర మొదలుపెట్టి, సెరంగూన్ రోడ్డు పట్టుకుని వీరమాకాళి అమ్మవారి గుడి మీదుగా 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ కోవెల దాకా నడవండి. తిరిగి రావడానికి ఫారర్ పార్క్ మెట్రో స్టేషన్ దగ్గరవుతుంది.