తోమకండి, ముందు నంబర్లు చూడండి

ఒహైయోలో మా పక్కింటావిడకి డెబ్బై దాటాయి. పోయిన నెల బేస్‌మెంట్ సర్దుతుంటే వాళ్ళ నాన్నగారి ట్రంకు పెట్టెలో తోలు హోల్‌స్టర్, అందులో ఒక పిస్టల్ దొరికాయి, ఆయన 1945లో జర్మనీ నుంచి తెచ్చుకున్నవట. నాకు పాత మిలిటరీ సామాన్లంటే పిచ్చి అని ఆవిడకి తెలుసు, అందుకే ఫోన్ చేసి ఇదేంటో చూసి చెప్పమంది, మనవడు దాన్ని తళతళలాడేలా పాలిష్ పెట్టించి అమ్మేద్దాం అంటున్నాడంది. పాలిష్ అన్న మాట వినగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయా.

హెచ్‌వన్‌బి మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. ఆ వీసా మీద ఉండగా తుపాకీ దగ్గర పెట్టుకుంటే మామూలుగా నేరమే, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్నే ఉంటాయి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇలాంటివన్నీ అద్దం ఇవతల నుంచే చూశా.

చూడగానే తెలిసిపోయింది, ల్యూగర్ పి-08. పైన మోకాలు మడిచినట్టు లేచే టాగిల్ ఉంటే ఇంక వేరే చెప్పక్కర్లేదు. జర్మన్ సైన్యం 1908లో తీసుకుంది కాబట్టి ఆ పేరు. ముందు గుళ్ళుండే మ్యాగజైన్ తీసేసి, టాగిల్ లాగి, పేలే గుండు కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో చూశా. లోపల గుండు ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం కొంచెం పైకి లేచి దాని పక్కన "గెలాడెన్" అన్న జర్మన్ మాట కనబడుతుంది, నిండి ఉందని అర్థం. అది చూసినా సరే కళ్ళతో ఛాంబర్ చూడకుండా ముందుకెళ్ళకూడదు.

టాగిల్ మీద అల్లుకుపోయిన అక్షరాలు, డీడబ్ల్యూఎం, అంటే బెర్లిన్ కంపెనీది. అక్కడ కిరీటం, ఎర్ఫర్ట్ అని ఉంటే ప్రభుత్వ కార్ఖానా, ఎస్/42 అనో బివైఎఫ్ అనో ఉంటే 1930ల నుంచి మౌజర్ కంపెనీ చేసినవి. ఛాంబర్ మీద మాత్రం రెండు సంవత్సరాలున్నాయి, కింద 1917, దాని పైన 1920. మనవడు నెట్‌లో చూసి 1920లో తయారైందనుకున్నాడు. కాదు, తయారైంది 1917లోనే. మొదటి యుద్ధం ఓడిపోయాక జర్మనీలో మిలిటరీ ఆయుధాలు జనం దగ్గర ఉండకూడదని చట్టం తెచ్చారు, అప్పుడు ఇది సర్కారు సొత్తు అని తెలియడానికి 1920 ముద్ర కొట్టారు. అంటే ఆ చిన్న ఇనప ముక్క రెండు యుద్ధాలు చూసింది, నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

ఇక అసలు సంగతి నంబర్లు. ఫ్రేమ్ ముందు, బారెల్ కింద, రిసీవర్ పక్కన పూర్తి సీరియల్ నంబరు, చిన్న చిన్న పార్టుల మీద దాని చివరి రెండంకెలు ఉంటాయి. చిన్నప్పుడు నరసరావుపేటలో నాన్న సెకండ్ హ్యాండ్ చేతక్ కొంటూ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆర్సీ బుక్కుతో పోల్చి చూసి, "నంబరు కలవకపోతే ఎంత మెరిసినా మనకొద్దురా" అన్నారు. నేనూ కాగితం తీసుకుని ఒక్కో పార్టు పేరు రాసుకుంటూ పోయా. ట్రిగ్గర్ 63, టాగిల్ 63, సేఫ్టీ 63, అన్నీ 63, ఎడమ పక్క సైడ్ ప్లేట్ దగ్గరికొచ్చేసరికి 18. మ్యాగజైన్ అడుగు అల్యూమినియం, 1917 నాటిదైతే చెక్క ఉండాలి. హోల్‌స్టర్ వెనక ముద్ర 1938. అంటే కాలంతో పాటు ఒక్కోటీ మారుతూ వచ్చాయి.

రంగు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ట్రిగ్గర్, సేఫ్టీ లాంటి చిన్న పార్టులు ఎండుగడ్డి రంగులో పసుప్పచ్చగా ఉండాలి, 1937 ముందు వాటికి అదే గుర్తు, ఇక్కడ అక్కడక్కడా మాసినా ఇంకా ఉంది. ఎవరైనా మళ్ళీ బ్లూయింగ్, అంటే ఇనుము మీద వేసే నల్లనీలం పూత, వేయిస్తే ఆ పసుపు పోయి అన్నీ నల్లనీలం అయిపోతాయి, పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ముద్రలు లోతు తగ్గుతాయి. ఇంట్లో ఇత్తడి చెంబు చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది, ఇది తోమితే సగం రేటు అక్కడే పోతుంది. ఇంకో సంగతి, చట్టం దృష్టిలో యాంటిక్ అంటే 1898 వరకు తయారైనవే, ల్యూగర్లేవీ అందులోకి రావు, వేరే రాష్ట్రం వాళ్ళకి అమ్మాలంటే మామూలుగా లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే.

తర్వాత ఆవిడతో పాటు తుపాకుల షాపుకెళ్తే షాపతను సైడ్ ప్లేట్, మ్యాగజైన్ చూసి పదిహేను వందల డాలర్ల దగ్గర చెప్పాడు, కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంటికొచ్చి మళ్ళీ ట్రంకు వెతికితే ఉత్తరాల కట్టలో మడతలు చిరిగిన కాగితం దొరికింది, పై ఆఫీసర్ సంతకంతో, ఈ సైనికుడు ఈ పిస్టల్ ఇంటికి తీసుకెళ్ళొచ్చని, కింద టైపు చేసిన సీరియల్ నంబరు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుతుంటే నేను ఫ్రేమ్ మీద చూస్తూ వచ్చా, చివరి 63 దాకా కలిసింది.

ఆ కాగితంతో రేటు పెరుగుతుందని చెప్పా. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సంతకం మీద వేలు పెట్టి, నాన్న ఇంటికొచ్చినప్పుడు నేనింకా పుట్టలేదు అంది. పిస్టల్ మళ్ళీ ట్రంకులోకి వెళ్ళలేదు, సేఫ్ కొనింది. హోల్‌స్టర్‌లో ఉంచితే తోలుకి తేమ పట్టి ఇనుము తుప్పు పడుతుందని రెండూ విడిగా పెట్టించా.