సివిలైజేషన్ 4: గాంధీతో మొనార్క్ గెలిచిన వైనం

సివిలైజేషన్ 4 అనే కంప్యూటర్ వ్యూహాల ఆటలో ప్రిన్స్ అనే కష్టం స్థాయి చప్పబడిపోయి చాలా కాలమైంది. దాని పై స్థాయి మొనార్క్‌కి వెళ్తే మాత్రం ఆట మధ్యలోకి వచ్చేసరికి టెక్నాలజీలో వెనకబడిపోయేవాణ్ణి. ఆ స్థాయిలో కంప్యూటర్ ఆడే దేశాలకు ఆట కొన్ని రాయితీలు ఇస్తుంది, వాటితో సమానంగా పరిగెత్తడం మామూలుగా కుదరదు. అందుకని ఒకటి అనుకున్నాను. నాయకుడికున్న రెండు ట్రెయిట్లకు (ప్రత్యేక లక్షణాలకు) పని కల్పించే వండర్లే (ప్రపంచంలో ఒక్కరే కట్టగలిగే అద్భుత కట్టడాలు) కడతాను, తక్కినవి ఎంత ఊరించినా వదిలేస్తాను. 2007లో ఈ ఆటకి అదనపు భాగంగా వచ్చిన బియాండ్ ద స్వోర్డ్‌తో ఆడాను, నాయకుడు గాంధీ. (సివిలైజేషన్ గాంధీ అనగానే అణుబాంబుల జోకు వేసేవాళ్లుంటారు. మొదటి ఆటలో గాంధీని అణుబాంబులు వేసేలా చేసిన బగ్ లేనే లేదని ఆట సృష్టికర్త సిడ్ మెయిరే చెప్పినా ఆ జోకు చావలేదు.)

గాంధీవి ఫిలసాఫికల్, స్పిరిచువల్ ట్రెయిట్లు. ఫిలసాఫికల్ ఉంటే గ్రేట్ పర్సన్ పాయింట్లు (ఇవి కూడితే ఊళ్లో ఒక మహా శాస్త్రవేత్తో ఇంజనీరో పుడతాడు) రెట్టింపు వస్తాయి, యూనివర్సిటీలు సగం ఖర్చుతో లేస్తాయి. స్పిరిచువల్ ఉంటే సివిక్స్ (దేశాన్ని నడిపే విధానాలు) మార్చినప్పుడు అరాచకం ఉండదు, దేశం ఒక్క టర్న్ (ఆటలో ఒక వంతు) కూడా స్తంభించదు. ఇందులో వండర్లను చవగ్గా కట్టించేది ఏదీ లేదు. అది ఇండస్ట్రియస్ అనే ఇంకో ట్రెయిట్ పని, 50 శాతం అదనపు ఉత్పత్తి దానికే. ఇండస్ట్రియస్, ఫిలసాఫికల్ రెండూ ఒకే మనిషికి ఇవ్వకుండా ఆట చేసినవాళ్లు జాగ్రత్తపడ్డారు, అలాంటి నాయకుడు మొత్తం ఆటలో లేడు. కాబట్టి గాంధీతో ఆడేటప్పుడు వండర్‌ని మామూలు ధరకే కొనాలి. కొన్నది ఫిలసాఫికల్‌కి ముడిసరుకుగా పనికిరావాలి.

నా లెక్కలో మొదటిది పిరమిడ్లు. 500 హామర్లు (ఊరి ఉత్పత్తిని కొలిచే లెక్క), ఆ కాలానికి చాలా పెద్ద ఖర్చు. కానీ రాజధానికి తూర్పున రాయి కనబడింది. రాయి ఉంటే పిరమిడ్ల మీద పెట్టే ప్రతి హామర్ రెండవుతుంది. భారతదేశం మిస్టిసిజం, మైనింగ్ టెక్నాలజీలతో మొదలవుతుంది కాబట్టి పిరమిడ్లకు కావాల్సిన మేసన్రీ (రాతి పని) దూరం కాదు. వ్యవసాయం, కంచు, మేసన్రీ, చక్రం తీసుకుని రాళ్ల క్వారీ తవ్వి రోడ్డు వేశాను.

ఇక్కడ ఫాస్ట్ వర్కర్ గురించి చెప్పాలి. భారతదేశానికి మాత్రమే దొరికే యూనిట్ ఇది. చాలామంది దీన్ని చూసి పెదవి విరుస్తారు, యుద్ధానికి పనికిరాదు కదా అని. మామూలు వర్కర్‌కి రెండు అడుగులు. అడవి గడిలోకి వెళ్లగానే ఆ రెండూ అయిపోతాయి, ఆ టర్న్ అక్కడే నిలబడిపోతాడు. ఫాస్ట్ వర్కర్‌కి మూడు అడుగులు. అడవిలోకి వెళ్లాక కూడా ఒకటి మిగులుతుంది, అదే టర్న్‌లో గొడ్డలి పడుతుంది. అంటే నరికే ప్రతి అడవి దగ్గరా ఒక టర్న్ ఆదా. గణితం టెక్నాలజీ రాకముందు ఒక అడవి నరికితే 20 హామర్లు. రాయి లాభం దీనికీ వర్తిస్తుంది కాబట్టి పిరమిడ్ల ఖాతాలో 40 పడతాయి. రాజధాని చుట్టూ ఆరు అడవులు నరికితే 240. మిగిలిన 260ని ఊరి సొంత ఉత్పత్తి మీద లాగాను. అంతసేపూ ఎవరు ముందు కట్టేస్తారో అని టెన్షనే, ముఖ్యంగా చైనా వాళ్ల చిన్ షి హువాంగ్ ఇండస్ట్రియస్ కాబట్టి. చివరికి నా ఊళ్లోనే లేచాయి.

పిరమిడ్ల అసలు లాభం ప్రభుత్వ సివిక్స్ అన్నీ ఒకేసారి తెరుచుకోవడం. వాటిలో ఒకటైన రిప్రజెంటేషన్ మామూలుగా కాన్స్టిట్యూషన్ టెక్నాలజీ దాకా రాదు. నాకు ప్రాచీన కాలంలోనే వచ్చింది, స్పిరిచువల్ కాబట్టి అరాచకం లేకుండానే మారాను. రిప్రజెంటేషన్‌లో ప్రతి స్పెషలిస్టుకీ (పొలం వదిలి సైంటిస్టు లాంటి పనిలో కూర్చున్న పౌరుడికి) 3 బీకర్లు, అంటే పరిశోధన పాయింట్లు, అదనం. సైంటిస్టుకి మామూలుగా 3, ఇప్పుడు 6. పెద్ద ఊళ్లలో సంతోషం కూడా 3 పెరిగింది, దాంతో జనాభాని పెంచుకుని ఆ జనాన్నే సైంటిస్టులుగా కూర్చోబెట్టొచ్చు.

లైబ్రరీ కట్టి ఇద్దర్ని కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికి 3 గ్రేట్ పర్సన్ పాయింట్లు, పిరమిడ్లవి 2, కలిపి 8. ఫిలసాఫికల్‌తో 16. మొదటి గ్రేట్ పర్సన్‌కి 100 పాయింట్లు చాలు, ఏడు టర్న్‌లలో వచ్చేస్తాడు. ఇందులో ఒక మెలిక ఉంది. పిరమిడ్ల పాయింట్లు ఇంజనీరువి, అంటే నాలుగింట ఒక వంతు అవకాశం సైంటిస్టుకి బదులు ఇంజనీరు పుట్టడానికి. అందుకే కొందరు పిరమిడ్లను వేరే ఊళ్లో కట్టమంటారు. నేను పట్టించుకోలేదు. పుట్టింది ఇంజనీరే!

నిజానికి అది కలిసొచ్చింది. నా జాబితాలో రెండోది గ్రేట్ లైబ్రరీ, 350 హామర్లు. దానికి కావాల్సింది రాయి కాదు, పాలరాయి. నా దగ్గర లేదు, చుట్టుపక్కల అమ్మేవాడూ లేడు. ఇంజనీరుని రాజధానిలో నిద్రపుచ్చి, దానికి కావాల్సిన లిటరేచర్ టెక్నాలజీ వచ్చిన టర్న్‌లో లేపాను. ఒక్క దెబ్బకి గ్రేట్ లైబ్రరీ అయిపోయింది. అది ఇద్దరు సైంటిస్టుల్ని ఉచితంగా ఇస్తుంది. వాళ్లకి తిండి పెట్టక్కర్లేదు, రిప్రజెంటేషన్ ఉంది కాబట్టి ఇద్దరూ కలిసి 12 బీకర్లు, పైగా వాళ్ల పాయింట్లు కూడా ఫిలసాఫికల్‌తో రెట్టింపు. ఒక ట్రెయిట్, రెండు వండర్లు, ఒక సివిక్ ఇంత చక్కగా అతుక్కునే చోటు ఈ ఆటలో మళ్లీ కనబడలేదు నాకు. తర్వాత పుట్టిన సైంటిస్టుతో రాజధానిలో అకాడమీ పెట్టాను, సైన్స్ ఇంకో 50 శాతం.

అప్పుడు పార్థినాన్ అనే వండర్ దగ్గర ఆగి లెక్క వేశాను. అన్ని ఊళ్లలో గ్రేట్ పర్సన్ పాయింట్లు 50 శాతం పెంచుతుంది, వినగానే గాంధీ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. కానీ ఈ శాతాలు ఒకదాన్నొకటి గుణించుకోవు, కూడుకుంటాయి. రాజధానిలో పిరమిడ్లు, గ్రేట్ లైబ్రరీ, నలుగురు సైంటిస్టులు, నేషనల్ ఎపిక్ అనే భవనం కలిపి అసలు పాయింట్లు 17. ఫిలసాఫికల్‌తో 34. నేషనల్ ఎపిక్ ఇంకో 100 శాతం, 51. పాసిఫిజం అనే మతపు సివిక్ ఇంకో 100, 68. దాని మీద పార్థినాన్ పెడితే 76. పెరిగింది ఎనిమిదో వంతు. అదే ఏ బోనస్సూ లేని నాయకుడికైతే 17 కాస్తా 25 అవుతుంది, సగం పెరిగినట్టు. అంటే పార్థినాన్ ఎక్కువ పనికొచ్చేది ఫిలసాఫికల్ లేనివాడికి! పాలరాయి లేకుండా 400 హామర్లు పోసి ఆ ఎనిమిదో వంతు కొనడం దండగనిపించింది. ఎవరో కట్టుకున్నారు, కట్టుకోనిచ్చాను.

పాసిఫిజానికి రాజ్య మతం కావాలి, సైనిక యూనిట్ ఒక్కింటికి ఒక బంగారు నాణెం అదనపు ఖర్చు. నా పొరుగు మాంటెజుమా, కయ్యానికి కాలుదువ్వే అజ్టెక్ నాయకుడు. ఆ పేరు చూస్తేనే ఆట మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. ఆయన బౌద్ధం తీసుకుని మా ఊళ్లకి పంపాడు, నేనూ అదే రాజ్య మతం చేసుకున్నాను. దాంతో ఆయన చల్లబడ్డాడు, నేను తక్కువ సైన్యంతో పాసిఫిజం నడుపుకోగలిగాను. స్పిరిచువల్ విలువ ఇక్కడే తెలిసింది. ఊళ్లలో భవనాలు లేవాల్సినప్పుడు స్లేవరీ సివిక్, సైంటిస్టులు కావాలనుకున్నప్పుడు కాస్ట్ సిస్టమ్ సివిక్. అరాచకం లేదు కాబట్టి ఇటు అటు మారుతూనే ఉన్నాను. మధ్యలో ఐదు టర్న్‌లు ఆగాలన్న నిబంధన మాత్రం స్పిరిచువల్‌కీ తప్పదు.

ఆ తర్వాత పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. 200 హామర్ల యూనివర్సిటీలు నాకు 100కే వచ్చాయి, ఆరు కట్టి ఆక్స్‌ఫర్డ్ లేపాను. లిబరలిజం టెక్నాలజీ నేనే మొదట పట్టాను, దాంతో వచ్చే ఉచిత టెక్నాలజీ కూడా. అంతరిక్ష నౌకతో గెలిచాను. తాజ్ మహల్ కట్టమని పక్కన కూర్చుని చూస్తున్న స్నేహితుడు పోరు పెట్టాడు, భారతదేశంతో ఆడుతూ తాజ్ కట్టకపోవడం ఏంట్రా అని. దానివల్ల ఒక స్వర్ణయుగం వస్తుంది. స్వర్ణయుగంలో సివిక్స్‌ని అరాచకం లేకుండా మార్చుకోవచ్చు, మిగతావాళ్లకి అది వరం, నాకు అప్పటికే ఉన్నదే. క్రిస్టో రెడెంటర్ అనే వండర్ ఇంకా విచిత్రం. అరాచకాన్ని తీసేయడం దాని పెద్ద లాభం, సగం ఖర్చుతో కట్టగలిగేది మాత్రం స్పిరిచువల్ నాయకుడే. ఆ ఐదు టర్న్‌ల నిరీక్షణ పోతుందన్నదొక్కటే మనకు మిగిలేది.

ఇదే పద్ధతిని మిగతా నాయకుల మీద పెట్టి చూశాను. ఇంకాల నాయకుడు హ్వాయ్నా కాపాక్ ఫైనాన్షియల్, ఇండస్ట్రియస్. తీరం పక్కన నీటి గడికి 2 కామర్స్ (ఖజానాకీ పరిశోధనకీ వెళ్లే రాబడి), ఫైనాన్షియల్‌తో 3, కొలాసస్ అనే వండర్ కడితే 4. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అంటారే, అదన్నమాట. పైగా ఇండస్ట్రియస్ కాబట్టి కొలాసస్ చవక. ఆస్ట్రానమీ టెక్నాలజీ వస్తే కొలాసస్ పనిచేయదు కాబట్టి దాన్ని వీలైనంత వెనక్కి నెడతాను. ఇంకో సంగతి, ఇండస్ట్రియస్‌కి రాయి తోడైతే 100 హామర్లు 250 అవుతాయి. వండర్ ఇంకెవరో ముందు కట్టేస్తే పెట్టిన ఉత్పత్తి బంగారంగా తిరిగొస్తుంది కదా, 250 కూ బంగారమే. అందుకని ఓడిపోతానని తెలిసి కూడా కొన్ని వండర్లు మొదలుపెడతాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ఫ్రాన్స్ నాయకుడు ద గాల్. కరిస్మాటిక్, ఇండస్ట్రియస్. కరిస్మాటిక్‌కి ప్రతి మాన్యుమెంట్ ఒక సంతోషం ఇస్తుంది. స్టోన్‌హెంజ్ కడితే ప్రతి ఊరికీ మాన్యుమెంట్ ఉచితం. 120 హామర్ల వండర్, ఇండస్ట్రియస్ కాబట్టి ఇంకా తక్కువ, కొత్తగా పెట్టిన ప్రతి ఊరూ ఒక సంతోషంతో పుడుతుంది. అదే ఫ్రాన్స్‌కి పదునాలుగో లూయీని పెట్టుకుంటే క్రియేటివ్ ఉంటుంది, ఊళ్లకి సంస్కృతి దానంతట అదే వస్తుంది, స్టోన్‌హెంజ్ అంతే చవకైనా సంస్కృతి కోసం మాన్యుమెంట్లతో పనిలేదు. ప్రస్తుతం లూయీతోనే ఆడుతున్నాను, స్టోన్‌హెంజ్ వేరేవాళ్లు కట్టేశారు, నా హామర్లు పిరమిడ్ల మీద ఉన్నాయి.