పెన్సిల్ గీతలు

నాకు థైరాయిడ్ క్యాన్సర్ అని తెలిసినప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆపరేషన్ త్వరగానే అయిపోయింది. మిగిలిన క్యాన్సర్ కణాలను రేడియేషన్‌తో చంపే రేడియో అయోడిన్ మందుకు ముందు గడిపిన రెండు వారాలే అసలు కష్టం. అయోడిన్ ఉంటుందని పాలు, పెరుగు, గుడ్లు, చేపలు ముట్టుకోకూడదు. అయోడిన్ కలపని ఉప్పు కోసం నాయన చిత్తూరులో ఎన్ని అంగళ్లు తిరిగారో! రాళ్ళ ఉప్పు ప్యాకెట్ మీద కూడా అయోడైజ్డ్ అనే ఉంది. చివరికి చప్పిడి రాగి సంగటి, చప్పిడి ఊరుబిండితో సరిపెట్టుకున్నాను. రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర కూడా ఆపేశారు కాబట్టి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

వేలూరు బయల్దేరే ముందు రోజు ట్యూషన్‌లో పక్క బెంచీ అబ్బాయి ఒక ఇంగ్లీషు నవల ఇచ్చాడు. 2012లో వచ్చిన జాన్ గ్రీన్ ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’. అందులో హేజెల్‌కు 16 ఏళ్లు. ఆమెదీ థైరాయిడ్ క్యాన్సరే, కానీ ఊపిరితిత్తులకు పాకింది. ఆమె ప్రేమించే ఆగస్టస్ ఎముక క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్నవాడు. కథ వినగానే అమ్మ, "ఇట్లాంటిది ఇప్పుడెందుకు మా?" అంది. అయినా బ్యాగులో పెట్టుకున్నాను.

క్యాప్సూల్ మింగాక తలుపు మూసేశారు. నా ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి మూడు రోజులు నా దగ్గరికి ఎవరూ రాకూడదు. నిమ్మ బిళ్ళలు చప్పరిస్తూ, నీళ్ళు తాగుతూ చదివాను. ఆగస్టస్ మాటల కింద అక్కడక్కడా సన్నగా పెన్సిల్ గీతలు ఉన్నాయి. హేజెల్ చనిపోతుందేమోనని ప్రతి పేజీ భయంగా తిప్పాను. పోయింది ఆగస్టస్. పుస్తకం బోర్లించి ఏడ్చేశాను.

తాను పోతే అమ్మానాన్నలు ఏమైపోతారోనన్న హేజెల్ దిగులు మాత్రం నన్ను వదల్లేదు. అంతలో అమ్మ ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"భయంగా ఉంది మా." అన్ని నెలల్లో ఆ మాట అనడం అదే మొదటిసారి.

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "నాకూ మా" అంది. ఇద్దరం ఫోన్ పెట్టకుండా అట్లే ఉండిపోయాం.

డిశ్చార్జి రోజు రేడియేషన్ మీటరు పట్టి చూసి నన్ను పంపారు కానీ, మందు అంటుకుని ఉంటుందని పుస్తకాన్ని అక్కడే వదిలేయమన్నారు. ఆ మందులోని అయోడిన్-131 సగానికి తగ్గాలంటేనే 8 రోజులు పడుతుందట.

ట్యూషన్‌కు మళ్ళీ వెళ్ళినప్పుడు, పుస్తకం తిరిగివ్వలేనని ఆ అబ్బాయికి చెప్పాను.

"పుస్తకం సంగతి వదిలెయ్. గీతలు చూశావా?"

"చూశాను."