బంతికి కప్పిన చీర

నవంబరు 2, ఆదివారం, కార్తీక శుద్ధ ద్వాదశి
ఎడిసన్, న్యూజెర్సీ

ఈ వేకువన రెండు గంటలకు ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. 2007 నుంచి ఈ తంతు నవంబరు మొదటి ఆదివారం నాడే జరుగుతున్నది. ఫోన్లు తమంతట తామే సర్దుకుంటాయి గాని, వంటింట్లో పొయ్యి మీద ఉన్న గడియారాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. మార్చి వస్తే అదే మళ్ళీ సరైన సమయం చూపిస్తుందని మావారి ధీమా. అలవాటు కొద్దీ మెలకువ వచ్చి చూస్తే ఐదున్నరే అయింది. చాయ పెట్టుకొని తెల్లవారేదాకా కిటికీ దగ్గర కూర్చొని, వెలుతురు రాగానే శాలువా కప్పుకొని పెరట్లోకి వెళ్ళాను. నవంబరులో కూడా ఏయే చెట్లు ఇంకా పూస్తున్నాయో ఒకసారి రాసి పెట్టుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఉచితంగా దొరికిన ఈ గంటను దానికే ఖర్చు చేశాను.

జిన్నియాల పని సెప్టెంబరులోనే అయిపోయింది; బూడిద తెగులు పట్టి ఆకులన్నీ పిండి చల్లినట్టయితే పీకి పారేశాను. మల్లె, కరివేపాకు కుండీలు అక్టోబరు మొదట్లోనే ఇంట్లోకి వచ్చి, దక్షిణపు కిటికీ కింద అలిగిన చుట్టాల్లా కూర్చున్నాయి. గునుగు, అంటే ఇక్కడి నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మేది, రంగు వెలిసి వెండి తీగలా మారింది, వేలితో తడితే నల్లని సన్నని గింజలు రాలుతున్నాయి. కంచె పక్క గులాబీకి మూడు పూలు, ఐదారు మొగ్గలు ఉన్నాయి. ఆ మొగ్గల్లో సగం విచ్చుకోవని నాకు తెలుసు, దానికి తెలిసినట్టు లేదు. ఊదారంగు ఆస్టర్ల మీద బంబుల్‌బీ అనే బొచ్చు తుమ్మెద ఒకటి పువ్వును పట్టుకొని కదలకుండా ఉంది. చచ్చిపోయిందనుకొని ఊదితే ఒక కాలు ఎత్తింది. రాత్రి చలికి బిగుసుకుపోయి, ఎండ తగిలేదాకా ఎగరలేని స్థితి అది. వీటిలో ఈ ఏడు పుట్టిన కొత్త రాణులు మాత్రమే మట్టిలో దూరి చలికాలం గడుపుతాయి, తక్కినవన్నీ ఈ నెలతో సరి. గింజలు రాలిన గునుగును, ఆకులు మాడిన ఆస్టర్లను దసరా వెళ్ళగానే కోసి శుభ్రం చేయాలని తొందరపడే నేను, ఈ తుమ్మెదల కోసమే ఈమధ్య కొంత బద్ధకాన్ని అలవాటు చేసుకున్నాను.

నిజంగా పూస్తున్నవంటే రెండే: బంతి, చేమంతి.

బంతిది మా గుమ్మం సంతతి. నిరుడు దసరాకు ఓక్ ట్రీ రోడ్డులోని కొట్టు నుంచి తెచ్చిన దండను గుమ్మానికి కట్టి, ఎండిపోయాక పారేయకుండా కాగితపు సంచిలో దాచి, మే నెలలో వచ్చే మదర్స్ డే దాటాక మట్టిలో చల్లాను. ఆ పండుగకు ముందు నారు బయట పెడితే చలికి పోతుందని ఇక్కడ తోట పెంచే వాళ్ళందరూ చెప్పే మాట. దండలో ముద్దబంతి పూలే ఉన్నా, మొలిచినవాటిలో సగం రెక్కబంతి అయింది. సంకర విత్తనం నుంచి తల్లి లాంటి బిడ్డే పుట్టాలని లేదు. అయినా సద్దుల బతుకమ్మకు అవే అక్కరకు వచ్చాయి. తంగేడు దొరకని ఈ ఊళ్ళో రోడ్డు వారన పూసే గోల్డెన్‌రాడ్‌ను కోసుకొచ్చి కింది వరుస పేర్చి, దాని మీద గునుగు, ఆ పైన బంతి పెట్టాను. అప్పుడు తెంపిన కొద్దీ కొమ్మలు వేసి, పదిహేను చెట్లూ నెల తిరిగేసరికి మళ్ళీ నిండుగా పూశాయి.

ఎనిమిదింటికి హనుమకొండ నుంచి అమ్మ ఫోను చేసింది. నిన్నటిదాకా మాకూ వాళ్ళకూ తొమ్మిదిన్నర గంటల తేడా, ఈ రోజు నుంచి పదిన్నర. అది అమ్మకు ఏటా కొత్తగానే చెప్పాలి. అక్కడ అప్పుడే దీపాలు పెట్టారు. తులసికోటలో ఉసిరి కొమ్మ గుచ్చి, చుట్టూ ముగ్గు వేసి, చేమంతుల దండ చుట్టిన తీరు ఫోనులో తిప్పి తిప్పి చూపించింది. ఈ రాత్రి ఇక్కడ మంచు పట్టవచ్చని, కనిష్ఠం 31 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే నీళ్ళు గడ్డకట్టేంత చలి, అంటున్నారని, అందుకని సాయంత్రం బంతిపూలన్నీ తెంపి తులసమ్మకే పెడతానని చెప్పాను.

"అన్ని తెంపకు బిడ్డా, చెట్టుకు రెండు ఇడిచిపెట్టు. పొద్దుగూకినంక అయితే అసలే ముట్టకు, చెట్టు నిద్రపోతది" అన్నది.

ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. పొద్దు మునిగాక పువ్వులు తెంపకూడదన్న నియమాన్ని నేను అమెరికాలో కూడా ఇన్నేళ్ళూ తప్పలేదు. భక్తి అని చెప్పలేను. చీకట్లో పువ్వు మీద చెయ్యి వేయబోతే చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

పదింటికి పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది. వాళ్ళది మెక్సికోలోని ఓహాకా. పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్‌లో ఆ ప్రాంతం వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె ఎప్పుడు వచ్చినా ఏదో ఒకటి ఇవ్వడానికే వస్తుంది గాని, ఈ రోజు మొదటిసారి అడగడానికి వచ్చింది. ఇది వాళ్ళకు చనిపోయిన పెద్దలను తలుచుకునే రోజట, నిన్న పిల్లలకు, ఈ రోజు పెద్దలకు. ఇంట్లో బల్ల మీద ఫోటోలు, రొట్టె, ఉప్పు, నీళ్ళు పెట్టి, బంతిరేకులతో గుమ్మం నుంచి ఆ బల్ల దాకా బాట పరుస్తారట. ఆ రంగును, ఆ వాసనను పట్టుకొని పోయినవాళ్ళు ఇల్లు గుర్తుపడతారని నమ్మకం. కొట్లో కొన్న పూలు చాలలేదని, కంచె మీదుగా కనిపిస్తున్న మా చెట్లను చూసి ధైర్యం చేసి వచ్చింది.

బంతి అసలు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల మొక్క అని చదివాను గాని, ఆ ఊరి మనిషి వచ్చి అడిగితే తప్ప అది మనసుకు ఎక్కలేదు. మెక్సికోలోని పాత భాష నావాత్‌లో దీనిని ఇరవై పూల పువ్వు అంటారని, వాళ్ళు ఇప్పుడు పలికే సెంపసూచిల్ అనే పేరు దాని నుంచి వచ్చిందేనని ఆమె చెప్పింది. ఒక్క బంతిపువ్వులో ఎన్నో చిన్న పూలు ఉంటాయన్నది వృక్షశాస్త్రం కూడా ఒప్పుకునే మాట. మనం రేకు అనుకొని తుంచే ప్రతిదీ ఒక పువ్వే. మన ముద్దబంతి అనే మాట కూడా ఆ గుంపును చూసి పుట్టిందే అయ్యుండాలి. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకొని, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మతో మేము పూల పండుగ మొదలుపెడతామని నేను చెప్పాను. పెద్దలకూ పూలకూ ఒకే రోజా అని ఆమె అడిగింది. అవునన్నాను, ఇన్నేళ్ళలో ఆ రెండింటినీ కలిపి ఆలోచించినది లేదు.

ఆమె కత్తెర తెచ్చుకుంది. నేను చెప్పకుండానే చెట్టుకు రెండు మూడు వదిలి కోసింది. వాళ్ళమ్మ కూడా ఏమైనా చెప్పి ఉంటుందేమో, అడగలేదు. దాదాపు రెండు బుట్టల పూలు వెళ్ళిపోయినా ఇంకా నలభైకి తక్కువ లేవు.

చేమంతుల సంగతి వేరు. గ్యారేజీ గోడ వెంట నాలుగు దుబ్బులు ఉన్నాయి, నాలుగూ ఒకే తల్లి దుబ్బు నుంచి ఏప్రిల్‌లో విడదీసి నాటినవి. వీధి వైపు మూడు దుబ్బులూ అక్టోబరు నడుమ నుంచి ఇటుక రంగులో విరగబూస్తుంటే, తలుపు దగ్గరి నాలుగోది మాత్రం ఏపుగా, పచ్చగా, బటానీ గింజంత మొగ్గలతో నిలబడి ఉంది. ఎరువు తక్కువైందని వేశాను, నీళ్ళు ఎక్కువైనాయని తగ్గించాను, జింకలు కొసలు కొరికాయేమోనని వెతికాను. ఈ ఉదయం మసక వెలుతురులో అక్కడ నిలబడితే గాని, నా నెత్తి మీద గ్యారేజీ దీపం వెలుగుతున్నదని తోచలేదు. చీకటి పడగానే దానంతట అదే వెలిగి, తెల్లవారేదాకా ఆరని దీపం అది.

చేమంతి రాత్రిని కొలుస్తుంది. రాత్రి ఒక హద్దు దాటి పొడుగైతేనే మొగ్గ తొడిగి పూస్తుంది. మొక్కలకు ఇలా పగలు రాత్రుల లెక్క ఉంటుందని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు పొగాకు మీద పరిశోధించి ప్రకటించారు. రాత్రి మధ్యలో కాసేపు వెలుతురు పడినా మొక్క ఆ రాత్రిని పొడుగైనదిగా లెక్కించదు. తమిళనాడులోనూ కర్ణాటకలోనూ చేమంతి రైతులు తోటల్లో వరుసగా బల్బులు వేలాడదీసేది ఇందుకే. కొన్ని వారాల పాటు పూత ఆపి, పండుగ ధరకు అందించడానికి. వాళ్ళు లెక్క వేసి చేసే పనిని నేను కరెంటు బిల్లు కట్టి తెలియకుండా చేశాను. ఇక్కడ జూన్‌లో పగలు 15 గంటలు ఉంటుంది, హనుమకొండలో 13 గంటలు దాటి కొంచెమే. ఈ దేశం చేమంతి అసలే మనదానికన్నా ఎక్కువ కాలం చీకటి కోసం ఎదురు చూస్తుంది. ఆపైన ఈ దీపం ఒకటి. ప్రభుత్వం గడియారాన్ని ముందుకు జరిపినా వెనక్కి జరిపినా పట్టించుకోని మొక్కను, పది వాట్ల బల్బు నెల రోజులు మోసం చేసింది.

మధ్యాహ్నమంతా వంటతో, పూజ సరంజామాతో సరిపోయింది. ఉసిరి కొమ్మ ఇక్కడ దొరకదు. గడ్డకట్టించిన ఉసిరికాయల పొట్లం తెచ్చి, నాలుగు కాయలు కరగబెట్టి, తులసి కుండీలో పుల్లకు గుచ్చి నిలబెట్టాను. కరిగిన కాయ మెత్తబడుతుంది కాబట్టి, పైన చెక్కి నెయ్యి దీపం పెడితే ఒక పక్కకు ఒరిగిపోయింది. గోధుమపిండి ముద్ద ఆనించి నిలబెట్టాల్సి వచ్చింది. తులసి కూడా ఇంటి లోపలిదే; రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్ లోపుకు దిగితే ఆకులు నల్లబడతాయని అది మల్లెకన్నా ముందే లోపలికి చేరింది. కుండీ చుట్టూ బంతి దండ వేయాలని సూదీ దారమూ సిద్ధం చేసుకొని, ఐదింటికి పూలు తెంపుకుందామని పాయసం కింద మంట తగ్గించి బయటికి వచ్చాను.

పొద్దు అప్పటికే మునిగింది. నా లెక్కలోని ఐదు నిన్నటి ఐదు. ఇప్పుడిక్కడ ఐదింటికి ఏడెనిమిది నిమిషాలు ఉండగానే సూర్యాస్తమయం. పడమర పక్క ఆకాశం మాత్రమే కొంచెం ఎర్రగా ఉంది, మబ్బు లేదు, ఆకు కదలడం లేదు. మంచు పట్టే రాత్రి లక్షణాలు ఇవే. మబ్బు దుప్పటి లేకపోతే నేల పగలంతా దాచుకున్న వేడి నేరుగా ఆకాశానికి పోతుంది, గాలి ఆడకపోతే చల్లని గాలి నేలనంటి నిలిచిపోతుంది. చేమంతి ఆ చలిని కొన్ని రాత్రులు ఓర్చుకుంటుంది. బంతికి ఆ ఓర్పు లేదు. కణాల్లో నీరు గడ్డకట్టి, తెల్లవారేసరికి చెట్టుకు చెట్టే ఉడికించిన తోటకూరలా నల్లగా వాలిపోతుంది. నిరుడు చూశాను.

చేతిలో బుట్ట, ఎదురుగా నలభై పువ్వులు. ఇప్పుడు తెంపకపోతే రేపటికి ఉండవు, తెంపితే పొద్దుగూకినంక తెంపినట్టు. అమ్మ అక్కడ నిద్రలో ఉంది, అడగడానికి లేదు. అడిగినా చెప్పేది తెలుసు. బుట్ట మెట్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి, అలమర అడుగు నుంచి పాత నారాయణపేట నూలు చీర తీశాను. అంచు చిరిగి, రంగు వెలిసి, ఎవరికీ ఇవ్వడానికి పనికిరాక, పారేయడానికి చెయ్యి రాక పడి ఉన్నది. పాలిథిన్ కప్పితే ఆకుకు తగిలిన చోటల్లా చలి దిగుతుంది, నూలు గుడ్డ మేలు. నాలుగు కర్రలు పాతి, చీరను రెండు మడతలు వేసి, పైన పరిచి, అంచులు నేలకు తాకేలా దించి ఇటుకలు పెట్టాను. అంచు నేలకు ఆనకపోతే లోపలి వేడి నిలవదు, కప్పినా కప్పనట్టే. పదిహేనులో పదకొండు చెట్లకే అది సరిపోయింది. మిగిలిన నాలుగింటికి పాత తువాళ్ళు కప్పాను, చాలీచాలని కప్పు.

తులసమ్మకు ఈసారి గులాబీలు మూడే, పొద్దునే తెంపి నీళ్ళలో వేసినవి. దీపం ఒరిగినా ఆరకుండా గంటన్నర వెలిగింది.

పడుకునే ముందు గ్యారేజీ దీపం స్విచ్చి ఆపేశాను. నాలుగో దుబ్బు ఈ ఏడు పూస్తుందన్న ఆశ పెద్దగా లేదు. ఈ రోజు నుంచి దాని చీకటి దానికి ఇచ్చినా విచ్చుకోవడానికి వారాలు పడుతుంది, ఆలోపు గట్టి మంచు రాకుండా ఉండదు. అయినా ఆపాను.

ఇప్పుడు పదిన్నర, బయట 36 డిగ్రీలు. రేపు సోమవారం కాబట్టి చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి వెళ్ళిన మావారు చీకట్లో దేనికో కాలు తట్టుకొని, తిట్టుకుంటూ లోపలికి వచ్చారు.

"లైటు ఎవరు బంద్ చేసిండ్రు? నీ చీర బయటనే ఆరేసి మరిచిపోయినవ్, మంచు పడుతదంటున్నరు, పోయి తెచ్చుకో" అన్నారు.