ఆపి, వెనక్కి తిప్పి చూడవలసిన ఊరు

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంటి బీరువాలో, పట్టుచీరల అర కింద, ఒక బరువైన అట్టపెట్టె ఉంది. ‘గిల్మోర్ గర్ల్స్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక మొత్తం అందులో ఉంది: ఏడు సీజన్లు, 153 భాగాలు, 42 డీవీడీలు. మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తూ నాకోసం మోసుకొచ్చింది. అమెరికాలో అమ్మే డీవీడీలు ఒకటో రీజియన్‌కు, మన దేశంలో అమ్మే ప్లేయర్లు అయిదో రీజియన్‌కు చెందినవి కావడం వల్ల, ఒక రీజియన్ డిస్కు మరో రీజియన్ ప్లేయరులో ఆడదు కనుక, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో వెతికి, అన్ని రీజియన్ల డిస్కులనూ తీసుకునే ప్లేయరు ఒకటి కొనుక్కున్నాము. ఇంటర్నెట్‌లో ఏదైనా చూడగలిగే ఈ రోజుల్లో కూడా నేను ఆ ప్లేయరును జాగ్రత్తగా తుడిచి దాచుకుంటున్నాను.

కథ చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. లోరెలై గిల్మోర్ సంపన్నుల ఇంటి బిడ్డ. పదహారేళ్ళకే తల్లి అయి, పసిపాపతో పుట్టింటి గడప దాటి, స్టార్స్ హాలో అనే చిన్న ఊరి సత్రంలో పనిమనిషిగా చేరి, క్రమంగా ఆ సత్రాన్నే నడిపే స్థాయికి ఎదుగుతుంది. కూతురు రోరీకి మంచి ప్రైవేటు బడిలో సీటు వచ్చినప్పుడు, ఫీజు కోసం ఏళ్ళ తరువాత తల్లిదండ్రుల ముందు చేయి చాచవలసి వస్తుంది. తల్లి ఎమిలీ డబ్బిస్తుంది కానీ ఒక షరతు పెడుతుంది: ప్రతి శుక్రవారం రాత్రి తల్లీకూతుళ్ళిద్దరూ తమ ఇంటికి భోజనానికి రావాలి. 2000 అక్టోబరు నుంచి 2007 మే వరకు సాగిన కథకంతటికీ ఆ భోజనాల బల్లే కేంద్రం.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ మనుషుల మాట. సాధారణంగా స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద ఒక నిమిషమని లెక్క వేస్తారు. ప్రకటనలు తీసివేస్తే ముప్పావుగంట కూడా ఉండని ఈ ధారావాహిక స్క్రిప్టులు 70 పేజీలు దాటేవి. దీన్ని సృష్టించిన ఏమీ షెర్మన్-పల్లడీనో, తల్లీకూతుళ్ళు వీధిలో నడుస్తూ మాట్లాడుకునే దృశ్యాలను వీలైనంతవరకు ముక్కలు చేయకుండా ఒకే షాట్‌లో తీయించేవారు. పాత సినిమాలు, రాజకీయాలు, పాటలు, నవలలు అన్నీ ఆ సంభాషణలో దొర్లుకుంటూ వెళ్ళిపోతాయి. ఒక చమత్కారం అర్థమై నవ్వేలోగా మరో రెండు దాటిపోతాయి. టీవీలో వారానికొకసారి, ప్రకటనల మధ్య చూసినవారికి అందులో ఎంత అందివుంటుందో నేను ఊహించలేను. డీవీడీలోనైతే ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, కింద అక్షరాలు వేసుకొని చదవవచ్చు. మొదటి సీజన్ పెట్టెలో, పాత్రలు ప్రస్తావించే పేర్లనూ సంగతులనూ వివరించే చిన్న పుస్తకం కూడా పెట్టారు. ప్రబంధానికి టీకాతాత్పర్యాలు జోడించినట్లు, ఒక హాస్య ధారావాహికకు వివరణ పుస్తకం జోడించడం నాకు ఎంతో గౌరవంగా తోచింది. ప్రేక్షకుడు మళ్ళీ మళ్ళీ చూస్తాడని నమ్మినవారు మాత్రమే అలాంటి పని చేస్తారు.

ఊరి సంగతి కూడా చెప్పాలి. స్టార్స్ హాలో కనెటికట్ రాష్ట్రంలో ఉన్నట్లు కల్పించిన ఊరు. నిజానికి అది కాలిఫోర్నియాలో వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణలో వేసిన సెట్టు, అక్కడ కురిసే మంచు కూడా కృత్రిమమే. అయినా కిరాణా దుకాణం నడిపే టేలర్ ఊరి సమావేశాల్లో నిబంధనలు చదువుతూ ఉంటే, కాఫీ హోటలు యజమాని లూక్ విసుక్కుంటూ ఉంటే, కనిపించినప్పుడల్లా కొత్త ఉద్యోగంలో ఉండే కర్క్ మధ్యలో లేస్తే, నాకు తణుకులో మా తాతగారి వీధి అరుగులే గుర్తుకు వచ్చాయి. లేన్ అనే కొరియన్ అమ్మాయి, తల్లికి తెలియకుండా పాటల సీడీలను గదిలో నేల చెక్కల కింద దాచుకుంటుంది. కన్నవారి ఊరికి దూరంగా పిల్లలను పెంచుతున్న నాలాంటివారికి ఆ గది గుమ్మం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఆరో సీజన్ తరువాత షెర్మన్-పల్లడీనో, ఆమె భర్త డేనియల్ పల్లడీనో తప్పుకున్నారు. మూడో సీజన్ డిస్కు చూసిన వెంటనే ఏడో సీజన్ డిస్కు పెడితే తేడా చెవికే తెలుస్తుంది: అవే గొంతులు, కానీ మాట నెమ్మదించింది, ఒకరి మాట మీద మరొకరు పడే ఒడుపు తగ్గింది. ఏడో సీజన్‌లో నేను మళ్ళీ మళ్ళీ చూసేది చివరి భాగం ఒక్కటే.

దానికి కారణం మా అమ్మ. మోకాలి నొప్పికి వైద్యం కోసం తణుకు నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలలు ఉన్నప్పుడు, మధ్యాహ్నాలు ఆమెకు ఈ డీవీడీలు వేసి, వాక్యం వాక్యం దగ్గర ఆపి తెలుగులో చెప్పేదాన్ని. చమత్కారాల్లో సగం నా తెలుగులో చచ్చిపోయేవి. ఎమిలీ దెప్పిపొడుపులు మాత్రం ఒక్కటీ చావలేదు. మా గోదావరి వెటకారం తెలిసినవారికి వాటిని అనువదించి చెప్పనక్కరలేదు. ఎమిలీ ఎంత కఠినురాలో నేను వివరించబోతే, అమ్మ నన్ను ఆపింది. “కోపం కాదే అమ్మడూ అది. వచ్చే శుక్రవారం మానేస్తారేమోనని భయం. ఆవిడ ముఖం చూడు, మళ్ళీ వెనక్కి తిప్పు.”

తిప్పాను. ఎమిలీగా నటించిన కెల్లీ బిషప్ మాట అనేసి, సమాధానం వచ్చేలోపు కూతురి కంచం వైపు ఒక్కసారి చూస్తుంది. అంతకుముందు రెండుసార్లు చూసినా అది నా కంటపడలేదు.

చివరి భాగంలో రోరీ, ఒబామా ఎన్నికల ప్రచారం గురించి రాసే విలేఖరిగా ఊరు విడిచి వెళ్ళబోతుంది. ఇక ఫీజుల అవసరమూ లేదు, షరతూ లేదు. అప్పుడు ఎమిలీ, సత్రంలో స్పా కట్టడానికి డబ్బిస్తానని కూతురి వెంటపడుతుంది. లోరెలై అది అక్కరలేదని చెప్పి, శుక్రవారం భోజనాలు తనకు అలవాటైపోయాయని అంటుంది. నేను రిమోటు అందుకోబోయేసరికి, తెలుగులో చెప్పనవసరం లేదన్నట్లు అమ్మ చేయి ఊపి, తెరవైపే చూస్తూ కూర్చుంది.